ఒప్పందంలో లేని రెండేళ్ళు

దుకాణమో, హోటలో, టైలరింగు షాపో, మెకానిక్ షెడ్డో నడిపే మనవారు నలుగురు కలిసిన చోట తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటుంది. పనివారికి జీతం పెంచాం, పండుగకు బట్టలు పెట్టాం, అవసరానికి అడ్వాన్సు ఇచ్చాం. అయినా మనసు పెట్టి పనిచేయరు, చెప్పినంతవరకే చేస్తారు, గడియారం చూసుకుని వెళ్ళిపోతారు అని. ఈ ఫిర్యాదులో సత్యం లేకపోలేదు. అయితే ఆ సంభాషణ సాగుతున్నంతసేపూ పనివాడు ఆ చోట ఉండడు. అతనిని కూర్చోబెట్టి అడిగితే చెప్పే కథ వేరుగా ఉంటుంది.

ఉద్యోగిలో పని పట్ల ఉత్సాహం ఎలా పుడుతుంది, ఎందుకు చల్లారిపోతుంది అనే ప్రశ్న పెద్ద కంపెనీలకు సంబంధించినదని మనం అనుకుంటాం. నిజానికి అది చిన్న యజమానికే ఎక్కువ అవసరం. వెయ్యిమంది పనిచేసే కర్మాగారంలో ఒకరి మనసు విరిగితే లెక్కకు రాదు. ముగ్గురు పనిచేసే చోట ఒకరి మనసు విరిగితే వ్యాపారంలో మూడోవంతు కుంటుపడుతుంది.

దివ్యఖుర్ఆన్‌లోని ఖసస్ సూరా (28వ సూరా)లో ఒక పని ఒప్పందం ప్రస్తావన ఉంది. ఈజిప్టు నుండి ప్రాణాలు దక్కించుకుని మద్యన్ చేరిన హజ్రత్ మూసా (అలై) అక్కడి బావి వద్ద ఇద్దరు యువతుల పశువులకు నీళ్ళు పెడతారు. వారిలో ఒకామె ఆయనను పనిలో పెట్టుకోమని తన తండ్రికి సలహా ఇస్తుంది. బలమూ నమ్మకమూ గల మనిషి అని కారణం చెబుతుంది. ఆ వృద్ధుడు పెట్టిన షరతులు గమనించదగినవి. తన కుమార్తెనిచ్చి వివాహం చేస్తాడు. ప్రతిగా ఎనిమిదేళ్ళు పనిచేయాలి. పదేళ్ళు పూర్తి చేస్తే అది మూసా (అలై) ఇష్టం. ఆయన మీద కష్టం మోపే ఉద్దేశం తనకు లేదని కూడా ముందే స్పష్టం చేస్తాడు. మూసా (అలై) ఈ రెండు గడువులలో దేనిని పూర్తి చేశారని తరువాతి కాలంలో ఒకరు అడిగినప్పుడు, ఎక్కువైన దానినే అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) జవాబిచ్చినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది.

ఎనిమిదేళ్ళు ఒప్పందం. యజమాని వాటిని హక్కుగా అడగవచ్చు. మిగిలిన రెండేళ్ళను అడగడానికి వీలులేదు. పనిచేసేవాడు ఇవ్వాలి, అంతే. నేడు మనం ప్రేరణ, ఉత్సాహం, అంకితభావం అని పెద్ద పేర్లు పెట్టి వెదుకుతున్నది ఆ రెండేళ్ళనే. ఆ వృద్ధుడు వాటిని ఎలా పొందాడు? పని ఎంతకాలమో, ప్రతిఫలమేమిటో మొదటిరోజే చెప్పాడు. అంతకు మించి చేస్తే అది నీ ఔదార్యమని నోరారా ఒప్పుకున్నాడు. మన దగ్గర తగాదాలన్నీ ఇక్కడే మొదలవుతాయి. గుమాస్తాగా చేరినవాడిని ఒకరోజు పిల్లలను బడి నుండి తీసుకురమ్మంటాం, మరొకరోజు ఇంటికి కూరగాయలు తెమ్మంటాం. మొదట్లో అతను సంతోషంగానే చేస్తాడు. ఆరు నెలలు గడిచేసరికి అది అతని విధి అయిపోతుంది. ఏడో నెలలో ఒకరోజు చేయకపోతే నేరమవుతుంది. అతను ఇష్టంగా ఇస్తున్న రెండేళ్ళను మనం ఎనిమిదేళ్ళలో కలిపేసుకున్నామన్నమాట. ఇక అతను ఎందుకిస్తాడు?

జీతం పెంచితే సరిపోదా అనేవారికి అమెరికాలో వందేళ్ళ క్రితం జరిగిన ఒక సంఘటన ఉపకరిస్తుంది. డెట్రాయిట్ సమీపంలోని హైలాండ్ పార్క్‌లో ఉన్న ఫోర్డ్ కార్ల కర్మాగారంలో 1913లో కదిలే బెల్టు మీద కార్లను కూర్చే పద్ధతి ప్రవేశపెట్టారు. ఉత్పత్తి విపరీతంగా పెరిగింది. కానీ ఒకే బోల్టును రోజంతా బిగిస్తూ నిలబడటం మనుషుల వల్ల కాలేదు. ఆ ఒక్క ఏడాదిలో సుమారు 14 వేల మందిని నిలుపుకోవడానికి 50 వేలకు పైగా మనుషులను కొత్తగా చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజు కూలిని ఇంచుమించు రెట్టింపు చేసి 5 డాలర్లుగా ప్రకటించాడు. పనివేళలను 9 గంటల నుండి 8 గంటలకు తగ్గించాడు. గేటు ముందు వేలాదిమంది బారులు తీరారు. పని వదిలి పోయేవారి సంఖ్య రెండేళ్ళలో ఎంతో తగ్గిపోయింది. (సిరియా, లెబనాన్ ప్రాంతాల నుండి వలస వెళ్ళిన ముస్లింలు కూడా ఆ కర్మాగారంలో పనిచేసేవారు. అదే హైలాండ్ పార్క్‌లో 1921లో ఒక మస్జిద్ వెలిసింది.)

ఇంతవరకే చెప్పి ఆపేస్తే ఇది యజమాని దాతృత్వ గాథ అవుతుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు కూడా. ఆ 5 డాలర్లలో దాదాపు సగం నేరుగా జీతం కాదు, షరతులతో ఇచ్చే లాభాల వాటా. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుడు అలవాటు ఉందా, పొదుపు చేస్తున్నారా అని కంపెనీ పరిశీలకులు కార్మికుల ఇళ్ళకు వెళ్ళి విచారించేవారు. తాగుడు మాన్పించాలనుకోవడం మంచిదే. కానీ కష్టపడి సంపాదించుకున్న డబ్బు కోసం ఇంటి లోపలి సంగతులు పరాయివాడికి చూపించుకోవలసి రావడం వేరు. ఎక్కువ కూలి మనిషిని గేటు లోపల నిలిపింది. మనసును మాత్రం కొనలేకపోయింది. 1941లో పెద్ద సమ్మె జరిగిన తరువాతనే ఫోర్డ్ కంపెనీ కార్మిక సంఘాన్ని గుర్తించింది.

మన దేశంలోనే దీనికంటే ముందటి ఉదాహరణ ఒకటుంది. జంషెడ్జీ టాటా 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ బట్టల మిల్లు ప్రారంభించారు. పనివారు తరచుగా నాగా పెట్టడం అక్కడి పెద్ద సమస్య. జరిమానాలు వేయడం, తీసివేయడం ఆనాటి మిల్లుల రివాజు. జంషెడ్జీ ఆ దారి పట్టలేదు. మిల్లు లోపలి వేడినీ పొడిగాలినీ తట్టుకోవడానికి తేమనిచ్చే యంత్రాలు పెట్టించారు. 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాద పరిహారం ఏర్పాటు చేశారు. ఆయన తదనంతరం జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో 8 గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చింది. ఫోర్డ్ ప్రకటన కంటే రెండేళ్ళు ముందు. పింఛను ఏ పండుగ బహుమానమో కాదు. నీవు ముసలివాడివైన తరువాత కూడా నీ గురించి ఆలోచిస్తామని మాటలతో కాక ఖాతా పుస్తకంతో చెప్పడమది.

మరో సంగతి. షికాగో సమీపంలో హాథార్న్ అనే టెలిఫోన్ పరికరాల కర్మాగారంలో 1924 నుండి కొన్నేళ్ళపాటు ప్రయోగాలు జరిగాయి. దీపాల వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అన్నది మొదటి ప్రశ్న. వాటి ఫలితాల మీద పండితులు నేటికీ వాదించుకుంటున్నారు గనుక ఆ జోలికి పోను. అయితే అందులో భాగంగా 20 వేలకు పైగా కార్మికులతో ముఖాముఖి మాట్లాడించారు. ముందు ప్రశ్నల పట్టికతో, తరువాత వారికి తోచింది చెప్పుకోనిచ్చి. తమ బాధ చెప్పుకున్న తరువాత, పరిస్థితులేమీ మారకపోయినా, మెరుగుపడ్డాయని చెప్పినవారు అందులో ఉన్నారు. వినడానికి అంత శక్తి ఉంది. (మాటలు విని ఊరుకుంటే చాలునని మాత్రం దీనర్థం కాదు. రెండోసారి అదే బాధ చెప్పవలసి వచ్చినవాడు మూడోసారి నోరు విప్పడు.)

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లో ప్రకటించిన అధ్యయనంలో ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి ఒక భేదం చూపాడు. జీతం, పనివేళలు, పైఅధికారి ప్రవర్తన సరిగా లేకపోతే మనిషి అసంతృప్తి చెందుతాడు. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. సాధించానన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత, పని నేర్చుకుని ఎదిగే అవకాశం, వీటి నుండి ఉత్సాహం పుడుతుంది. అతని విభజన అన్నిచోట్లా అంత కచ్చితంగా సరిపోతుందని నేననుకోను. నెలకు పదివేలతో అద్దె, ఫీజులు కట్టుకునే మనిషికి జీతం పెరగడమే పెద్ద ఉత్సాహం. కానీ మూడేళ్ళుగా కటింగ్ టేబుల్ దగ్గర నిలబడిన కుర్రవాడికి ఇంకా కాజాలు కుట్టే పనే ఇస్తున్న టైలరింగ్ మాస్టరు ఈ మాట గురించి ఆలోచించాలి. పని పూర్తిగా నేర్పితే పక్క వీధిలో సొంత షాపు పెట్టుకుంటాడన్న భయం మాస్టరుది. నేర్పకపోతే ఎలాగూ వెళ్ళిపోతాడు, కోపంతో వెళ్తాడు.

హజ్రత్ అనస్ (రజి)ను ఆయన తల్లి ఉమ్మె సులైమ్ (రజి) సుమారు పదేళ్ళ వయసులో దైవప్రవక్త (సల్లం) సేవకు అప్పగించారు. పదేళ్ళు సేవచేశారు. అంతకాలంలో ఒక్క విసుగు మాట తాను వినలేదని, చేసిన పనికి ఎందుకు చేశావనిగానీ, చేయని పనికి ఎందుకు చేయలేదనిగానీ నిలదీయలేదని ఆయనే పెద్దవారైన తరువాత చెప్పుకున్నారు. ఒకసారి ఏదో పని మీద పంపితే, వీధిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆగిపోయారు. వెనుక నుండి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ప్రవక్త (సల్లం) చిరునవ్వుతో ఉన్నారు. ముద్దుపేరుతో పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారు. వెళ్తున్నానని బాలుడు జవాబిచ్చాడు. అంతే జరిగింది. పని ఆలస్యమైన మాట నిజమే, అది గుర్తుచేయబడింది కూడా. కానీ వీధిలో, తోటి పిల్లల ముందు ఆ బాలుని పరువు పోలేదు. ఆ బాలుడే తరువాత రెండువేలకు పైగా హదీసులను లోకానికి అందించారు.

కొనుగోలుదారుల ముందు పనివాడిని తిట్టడం మన బజార్లలో మామూలైపోయింది. తిడితే కస్టమర్ సంతోషిస్తాడని యజమాని అనుకుంటాడు. కస్టమర్ ఇబ్బందిపడి వేరే దుకాణం చూసుకుంటాడు. ఇక గల్లా మీద బావమరిదిని కూర్చోబెట్టే అలవాటు సంగతి. పదేళ్ళుగా సరుకు లోతుపాతులు తెలిసిన గుమాస్తా, నిన్న వచ్చిన బావమరిదిని సెలవు అడగవలసి వస్తుంది. ఆ రోజుతో అతని ఆ రెండేళ్ళు ముగుస్తాయి.

చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (సల్లం) ఆదేశం మనందరికీ కంఠస్థం. వెయ్యిమంది లోపు పనివారున్న చోట మరుసటి నెల 7వ తేదీలోగా జీతం ఇవ్వాలని మన దేశంలో 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే నిర్దేశించింది. అయినా సరుకు డబ్బు రాలేదని 15కు, 20కి జరిపే సంస్థలున్నాయి. సరుకు ఇచ్చిన పెద్ద వ్యాపారికి చెక్కు సమయానికి వెళ్తుంది. ఆగేది ఎవరిదంటే, అడగలేనివాడిది. గల్ఫ్‌లో నెలల తరబడి జీతం అందక తల్లడిల్లిన కుటుంబాలు మన జిల్లాలలో ఎన్నో ఉన్నాయి. అక్కడి యజమానిని దూషించే నోటితోనే ఇక్కడ మన పనివాడిని వచ్చే వారం రమ్మంటాం.

రమజాన్ మాసంలో మరో పొరపాటు జరుగుతుంది. జకాత్ సొమ్మును పనివారికి పండుగ బోనస్‌గా ఇచ్చి, ఒకే దెబ్బకు రెండు బాధ్యతలు తీరాయనుకుంటారు. ఇస్తామని మాట ఇచ్చిన బోనస్ వేతనంలో భాగం; వేతనానికి బదులు జకాత్ చెల్లదని ధర్మవేత్తలు చెబుతారు. పేదవాడైన పనివానికి వేతనం పోగా, సేవ ఆశించకుండా జకాత్ ఇవ్వవచ్చు. రెండూ కలిపేస్తే అతనికి ఆ కవరులో ఉన్నది తాను సంపాదించినదో, తనకు దానం చేసినదో తెలియదు. ఏడాదంతా కష్టపడిన మనిషికి ఆ సందేహం చిన్నది కాదు.

ఇంతవరకు దుకాణం గురించే రాశాను. ఈ పత్రిక చదివే సోదరీమణులలో చాలామంది కూడా యజమానులే. ఇంట్లో పనిచేసే అమ్మాయికి వేరుగా ఉంచిన స్టీలు గ్లాసు, ఉదయం ఇచ్చే నిన్నటి కూర, నాగా పెడితే కోసుకునే రోజు జీతం, ఆమె ఆలస్యంగా వెళ్ళిన రోజులకు లెక్క లేకపోవడం, ఇవన్నీ కూడా ఉద్యోగ షరతులే. వంట చేసి తెచ్చినవానిని తమతో కూర్చోబెట్టుకోవాలని, వీలుకాకపోతే కనీసం అందులో నుండి ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వాలని ప్రవక్త (సల్లం) చెప్పింది ఇటువంటి ఇళ్ళను ఉద్దేశించే. ఈ నెల జీతం ఇచ్చేటప్పుడు ఆమెను ఒక ప్రశ్న అడిగి చూడండి: మా ఇంట్లో పనిచేయడంలో నీకు కష్టంగా ఉన్నదేమిటి? మొదట ఏమీ లేదంటుంది. కొంచెం ఆగితే, గిన్నెలు తోమే చోట నీళ్ళు పోక నిలిచిపోయి కాళ్ళు నానిపోతున్నాయని చెప్పవచ్చు. దానికి ఒక ప్లంబరు, ఒక పూట సమయం చాలు.