బాగానే ఉంది సార్!

ఈ సంచికను కొండలెక్కే పిల్లలకు కేటాయించాం. మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లద్దాఖ్ మీదుగా అక్కడిదాకా సాగింది.

నా ఆలోచన మాత్రం పిల్లలను వెంటబెట్టుకెళ్లే మాస్టార్ల గురించే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు పిల్లలకు సోకకుండా చూడాల్సింది వాళ్లే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పైకెక్కకుండా ఆగాలి. ఇది నేర్చుకోవడం తేలికే. కష్టమల్లా పిల్లల నోట నిజం రాబట్టడం. వెనక్కి పంపేస్తారన్న భయంతో ‘బాగానే ఉంది సార్’ అంటూ తలనొప్పి దాచేస్తారు. అందుకే పొద్దున్నే ఎవరికి ముద్ద దిగడం లేదో, ఎవరు షూలేసు కట్టుకోలేక తడబడుతున్నారో కనిపెట్టాలి. అనుమానమొస్తే నేల మీద గీత గీసి, అడుగులో అడుగు ఆనించి నడిపించాలి. తూలితే అర్ధరాత్రయినా కిందికి దించాల్సిందే. తెల్లారాక చూద్దామంటే ప్రాణం మీదికొస్తుంది.

అలా దించుకొచ్చిన వాళ్లను మనం మెచ్చుకోం, శిఖరం మీద ఫొటో ఏదని అడుగుతాం. అది నాకు బాధగా ఉంటుంది. ఈసారి మధ్యలో వెనుదిరిగిన బృందాల అనుభవాలకే మొదటి పేజీలు ఇచ్చాం.