మూడు నెలల గడువు

గోల్ ఘర్ నుండి విశాఖపట్నం కళాశాలలకు పిల్లలను పంపే తల్లిదండ్రులు తెలిసికొనవలసిన గడువు ఒకటి ఉన్నది.

లైంగిక వేధింపులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ‘విశాఖ’ తీర్పునకు ఆ పేరు నగరం వలన రాలేదు. వ్యాజ్యం వేసిన రాజస్థాన్ మహిళా సంస్థ వలన వచ్చినది. ఆ బాటలోనే 2015 నాటి యు.జి.సి. నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను అంతర్గత ఫిర్యాదుల కమిటీని తప్పనిసరి చేసినవి. విద్యార్థుల కేసులలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా అందులో సభ్యులు. సంఘటన జరిగిన మూడు నెలలలోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. విచారణ 90 రోజులలో ముగియవలెను.

పరువు పేరిట మౌనం వహిస్తే గడువు కరిగిపోతుంది. కనుక దూరాన ఉన్న అమ్మాయి ఫోనులో కష్టం చెప్పుకొన్నప్పుడు ‘చదువు మాని వచ్చెయ్యి’ అనవద్దు. ‘తప్పు నీది కాదమ్మా, జరిగినదంతా తేదీలతో వ్రాసి ఉంచు, మేము వస్తున్నాము’ అనండి.