మందుకు ముందు

వైద్యానికి తొలిమెట్టు రోగనిర్ధారణ. నాడి చూడనిదే మందు చెప్పని నియమం మన ఆయుర్వేద వైద్యులకూ, యునానీ హకీములకూ సమానంగా ఉండేది. నోరు విప్పి తన బాధ చెప్పుకోగల మనిషి విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, ఉప్పునీటి అడుగున కంటికి కనబడకుండా బ్రతికే నోరులేని ప్రాణి విషయంలో ఎంత జాగ్రత్త ఉండాలి? చచ్చిన రొయ్య సాధారణంగా నీటిపై తేలదు. అడుగున పడి ఉంటుంది. యజమానికి సంగతి తెలిసేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది.

మేము భాషాసాహిత్యాలు బోధించేవారమే గాని మత్స్యశాస్త్ర నిపుణులము కాము. అయినా మా ఎదుట తరగతిలో కూర్చొనే విద్యార్థులలో ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు ప్రాంతాలవారు పలువురున్నారు. వారి ఫీజులు, అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, బ్యాంకు అప్పులు అన్నీ రొయ్యల గుంటలతో ముడిపడినవే. గుంట పోయిన ఏడు చదువు కూడా ఆగిపోయే ఇండ్లు ఉన్నాయి. కనుక ఈ విషయం మనకు సంబంధించనిది కాదు. నెల్లూరు తీరంలో మందులకు కొరత లేదని, కొరత ఉన్నదల్లా నిర్ధారణకేనని మా అభిప్రాయం.

1994వ సంవత్సరాన్ని మన తీరగ్రామాలు ఇంకా మరువలేదు. అంతకు ఒకటి రెండేళ్ళ ముందు తైవాన్, చైనా తీరాలలో తలయెత్తిన తెల్లమచ్చ వ్యాధి ఆ ఏడాది మన తూర్పుతీరానికి చేరి, టైగర్ రొయ్య మీద కట్టుకొన్న ఆశలన్నిటినీ కూల్చివేసింది. రొయ్యలు మేత మానివేసి గట్ల వెంట చేరేవి. తలపెంకు మీద తెల్లని చుక్కలు కనిపించేవి. మూడు నుండి పది రోజులలో గుంట గుంటంతా పోయేది. దానికి కారణం ఒక వైరస్. నాటికీ నేటికీ దానికి గుంటలో పోసే మందు లేదు. రొయ్య శరీరంలో మనిషికి వలె ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుంచుకొని ప్రతిరక్షకాలు తయారుచేసే ఏర్పాటు లేదు; కాబట్టి మనం పిల్లలకు వేయించే టీకా వంటిది దానికి పని చేయదు.

ఇక పేర్ల వల్ల కలిగే భ్రమను గూర్చి ఒక మాట. ఇండ్లలో గాజుతొట్టెలలో పెంచే సముద్రపు చేపలకూ తెల్లమచ్చ అనే జబ్బే వస్తుంది. కాని అది వైరస్ వల్ల కాదు. క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల. ఆ పురుగు కొన్నాళ్ళు చేప చర్మంలో ఉండి, తరువాత రాలి, తొట్టె అడుగున గూడు కట్టుకొని, అనేకంగా విభజన చెంది, మళ్ళీ చేపలను వెదుక్కొంటూ నీటిలో ఈదుతుంది. మచ్చలు రాలిన రోజున యజమాని జబ్బు నయమైందని సంతోషిస్తాడు. నిజానికి అది పదింతలై రావడానికి సిద్ధమవుతూ ఉంటుంది. మందు పనిచేసేది ఆ పురుగు నీటిలో ఈదే దశలోనే. ఆ మందులలో ప్రసిద్ధమైనది రాగి లవణం. అదే తొట్టెలో చేపలతో పాటు రొయ్య ఉంటే, చేపను బ్రతికించే ఆ రాగి మోతాదే రొయ్యను చంపుతుంది. అంతేకాదు, నీటిలో క్షారగుణం మితిమీరినప్పుడు ఆరోగ్యంగా ఉన్న రొయ్య పెంకుపైన కూడా తెల్లమచ్చలు ఏర్పడవచ్చు. కొన్ని బాక్టీరియాల వల్ల కూడా అలాంటి మచ్చలే వస్తాయి. కంటికి మచ్చ ఒక్కటే, కారణాలు నాలుగు. ఒకదానికి మందు ఉంది, ఒకదానికి లేదు, మరొకదానికి మందుతో పనే లేదు. పేరు విని మందు కొనేవాడు ఈ నాలుగింటిలో దేనికి కొంటున్నట్లు?

నిర్ధారణ అనగానే పెద్ద ప్రయోగశాలలే గుర్తుకు రానక్కరలేదు. మొదటి పరీక్ష నీటికే. తెల్లవారుజామున రొయ్యలు పైకి వచ్చి తచ్చాడుతున్నాయంటే అది రోగమే కానక్కరలేదు. పగలు ఎండలో ప్రాణవాయువును ఇచ్చే నాచే రాత్రి దానిని పీల్చుకొంటుంది. కాబట్టి సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు కనిష్ఠస్థాయికి పడిపోతుంది. అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యకు గండమే. అక్కడ కావలసినది ఏరేటరు తిప్పడం, మేత తగ్గించడం. మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. నీటి పీహెచ్, వేడిమి పెరిగినకొద్దీ దాని విషం హెచ్చుతుంది. విబ్రియో వంటి బాక్టీరియాలు ఉప్పునీటిలో ఎప్పుడూ ఉండేవే. నీరు చెడి రొయ్య నీరసించినప్పుడు అవి విజృంభిస్తాయి. ఇవన్నీ చవకైన కిట్లతో, చెక్ ట్రేలో మిగిలిన మేతతో, వారానికొకసారి విసరిన వలతో తెలిసే సంగతులు.

వీటిని చూడకుండా ముందుగా దుకాణానికి పరుగెత్తడం వల్ల వచ్చిన కీడు కొంచెం కాదు. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదని ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా తెలుసు. అయినా తెల్లమచ్చకు యాంటీబయాటిక్ పోసినవారున్నారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషిద్ధాలు. క్లోరాంఫెనికాల్ మనుషులలో అరుదుగానైనా ఎముకమజ్జను దెబ్బతీసి రక్తహీనతకు దారితీయగలదు. దాని జాడ లేశమాత్రం బయటపడినా ఐరోపా, అమెరికా రేవులలో సరుకు తిరస్కరిస్తారు. ఒకరి తొందరపాటుకు తీరమంతటి పేరు పోతుంది. ఇంకొక ఉపద్రవం కూడా ఉంది: అలవాటుగా పోసిన మందుకు బాక్టీరియా లొంగకుండా తయారవుతుంది. ఆ మొండితనం గుంటలోనే ఆగిపోదు, ఆసుపత్రి దాకా రాగలదు.

2009లో మన దేశంలో వనామి సాగుకు అనుమతి లభించింది. తల్లి రొయ్యలను విదేశాలనుండి తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించి హేచరీలకు పంపే ఏర్పాటు జరిగింది. ఆ రొయ్యలకు ఫలానా రోగాలు లేవని ధ్రువపత్రం ఉంటుంది. దానిని కొందరు ఆ రోగాలు ఇక రావని అర్థం చేసుకొన్నారు. లేకపోవడం వేరు, రాకపోవడం వేరు. ఈ వనామి కాలంలోనే ఇ.హెచ్.పి. అనే మరో వ్యాధి మన గుంటలలో వేళ్ళూనింది. థాయిలాండ్ శాస్త్రజ్ఞులు 2009లో దానికి పేరుపెట్టారు. అది రొయ్యను ఒక్కసారిగా చంపదు. దాని జీర్ణగ్రంథిలో చేరి ఎదుగుదలను ఆపివేస్తుంది. రైతు మేత వేస్తూనే ఉంటాడు, కౌంటు మాత్రం రాదు. శవం కనిపించని ఈ రోగాన్ని పీసీఆర్ పరీక్షతోనే నిశ్చయంగా పట్టుకోగలం. దానికీ నమ్మదగిన మందు లేదు. పట్టుబడి తరువాత గుంటను బాగా ఎండబెట్టి, నేల పీహెచ్ 12 వరకు లేచేలా కాల్చిన సున్నం కలిపి దున్నడమే శాస్త్రజ్ఞులు చెప్పే ఉపాయం.

"పరీక్షకు డబ్బు కావాలి, రోజులు పడతాయి, ఫలితం వచ్చేలోగా గుంట పోతుంది గదా!" అని రైతు అడగవచ్చు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. అయితే పరీక్ష చేయవలసినది చావులు మొదలైన తరువాత కాదు; పిల్లను వదలడానికి ముందు. పైగా మందు లేని రోగమని తెలియడం కూడా లాభమే. వెంటనే వల వేసి ఉన్న సరుకు అమ్ముకోవచ్చు. వృథామందుల ఖర్చు తప్పుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది పొరుగువాని సంగతి. కండలేరు క్రీకు వంటి చోట ఒకరు వదిలిన నీటినే మరొకరు మోటారుతో తోడుకొంటారు. జబ్బు సంగతి దాచి రాత్రికి రాత్రి నీరు వదిలేవాడు పది కుటుంబాలను ముంచుతాడు. రోగం సోకిన నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసి గాని వదలరాదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం ఈ సాగును నిబంధనల క్రిందికి తెచ్చాయి. 2013లో జలచరాల రోగాలపై జాతీయ నిఘా కార్యక్రమం మొదలైంది. 2023లో రోగ సమాచారం తెలియజేయడానికి కేంద్ర ప్రభుత్వం ఒక మొబైల్ యాప్‌ను కూడా ప్రవేశపెట్టింది. ఇవన్నీ ఉన్నా, చెప్పుకొంటే పరువు పోతుందనీ, ధర పడిపోతుందనీ దాచుకొనే మనసు మారనిదే ప్రయోజనం లేదు. అంటురోగాన్ని దాచడం పొరుగువానికి ద్రోహం చేయడమే.

చివరగా మా వృత్తికి సంబంధించిన మాట. ప్రయోగశాల నివేదికలో, మందు సీసాపై ఉండే అక్షరాలు చాలావరకు ఇంగ్లీషువి. వాటిని చదువలేని రైతు అమ్మేవాని నోటిమాటనే నమ్ముతాడు. అమ్మేవాడే వైద్యుడైనచోట ప్రతి రోగానికీ ఒక సీసా ఉంటుంది. నివేదికలు, సీసాలపై సూచనలు తెలుగులో ఉండాలని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. అక్కడి విజ్ఞానాన్ని రైతు భాషలోకి తేవడం భాష చదివినవారు పూనుకోదగిన పని. మన రసాయన, జంతుశాస్త్ర విద్యార్థులు సెలవులలో తమ ఊరి గుంటలకు ఒక్కొక్క నోటుపుస్తకం పెట్టి, ఉదయం ప్రాణవాయువు, పీహెచ్, ఉప్పు, మేత, చావులు రోజువారీ వ్రాసిపెడితే చాలు. ఆ పుస్తకం చూసి ప్రశ్నించేవారి ఎదుట ఊరికే సీసా అమ్మడం అంత సులభం కాదు. ఈ వేసవిలో ఊరికి పోయే విద్యార్థి ఒక్కడైనా ఈ పని మొదలుపెడితే మేము ఈ నాలుగు మాటలు వ్రాసినందుకు ఫలితం దక్కినట్లే.