మగ్గాల హోరులో మీటరే చెవి

మరమగ్గాల షెడ్డులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. సూరత్‌లోని ఖటోదరా లాంటి పారిశ్రామిక వాడల్లో పనిచేసేవారికి ఇది కొత్తేమీ కాదు. బతుకుదెరువు కోసం తెలంగాణ జిల్లాల నుంచి ఈ నగరానికి వచ్చిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా ఈ హోరు మధ్యే బతుకుతున్నాయి. వారితో పాటే బతుకమ్మా ఇక్కడికి వచ్చింది.

షిఫ్టు దిగిన ఓ కుర్రాడు అద్దె గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బతుకమ్మ పాటకు బాణీ కడుతున్నాడనుకోండి. డప్పు, వేణువు, వయొలిన్ అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. జర్మనీకి చెందిన స్టైన్‌బెర్గ్ సంస్థ 1999లో ఇలాంటి వాద్యాలకు దారి తెరిచాక, స్టూడియో అద్దె కట్టలేనివారికి కూడా వాద్యబృందం అందుబాటులోకి వచ్చింది. తెర మీద ఆకుపచ్చ గీతలు లేస్తుంటాయి. పసుపు దాటి ఎరుపును తాకుతాయి. అయినా చెవికి ఇంకా చాలలేదనిపిస్తుంది.

చిక్కంతా ఆ చెవితోనే. ఎనిమిది గంటల షిఫ్టుకు మన దేశంలో అనుమతించిన శబ్ద పరిమితి 90 డెసిబెల్స్. మగ్గాల షెడ్లు తరచూ దాన్ని దాటేస్తాయి. అంత హోరులోంచి బయటపడ్డ చెవి కొన్ని గంటల పాటు మందగిస్తుంది. ముఖ్యంగా సన్నని స్వరాలు సరిగా వినిపించవు. దాంతో చెయ్యి తనంతట తానే వాల్యూమ్ మీదికి పోతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఆ నష్టం శాశ్వతమవుతుంది. అలసిన చెవి ఇచ్చే తీర్పును నమ్మలేం. అప్పుడు దిక్కు మీటరే.

అయితే మీటరు చూపే డెసిబెల్ షెడ్డులోని డెసిబెల్ కాదు. డిజిటల్ కొలతలో సున్నాయే పైకప్పు, మిగతా అంకెలన్నీ దాని కింద మైనస్‌లోనే ఉంటాయి. ఫైలుగా మారేటప్పుడు శబ్దం సున్నాను దాటితే తరంగం తల తెగిపోతుంది. వినేవారికి అది బరబరగా తగులుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. టేపుల కాలంలో ఇలా ఉండేది కాదు. మోతాదు కాస్త మించినా టేపు మెత్తగా సర్దుకునేది, తక్కువైతే మాత్రం బుస వినిపించేది. అందుకే వీలైనంత గట్టిగా రికార్డు చేయడం నాటి సూత్రం. 24 బిట్ల రికార్డింగ్‌కు లెక్క ప్రకారం 144 డెసిబెల్స్ విస్తృతి ఉంది. ఇప్పుడు ఆ ఆత్రం అక్కర్లేదు. పరికరం మారినా అలవాటు మాత్రం మారలేదు.

సాఫ్ట్‌వేర్ వాద్యాలతో మరో మెలిక ఉంది. వినగానే ఆకట్టుకోవాలని చాలా వాద్యాలను తయారీదారులే పెద్ద శబ్దంతో అమర్చి ఇస్తారు. విడిగా వింటే ఇబ్బంది లేదు. కానీ మైనస్ 6 దాకా లేచే రెండు వాద్యాల శిఖరాలు ఒకే క్షణంలో కలిస్తే మొత్తం సున్నాకు చేరుతుంది. మూడో వాద్యం తోడైతే ఎర్రదీపమే. కొందరు కీలను మెల్లగా నొక్కి శబ్దం తగ్గించబోతారు. కీ నొక్కిన బలం 1 నుంచి 127 వరకు అంకెగా నమోదవుతుంది. చాలా వాద్యాల్లో ఆ అంకె మారితే శబ్దంతో పాటు నాదమూ మారిపోతుంది. గట్టిగా కొట్టిన డప్పు వేరు, దూరంగా వినిపించే డప్పు వేరు. కాబట్టి తగ్గించాల్సింది వాద్యం అవుట్‌పుట్‌నే.

ఒక్కో ట్రాక్ సగటు మైనస్ 18 దరిదాపుల్లో, శిఖరాలు మైనస్ 10కి అటూఇటూగా ఉంటే అన్నీ కలిశాక కూడా చోటు మిగులుతుంది. కీబోర్డు మీద వాయించినప్పుడు నమోదయ్యేది స్వరాల సమాచారమే. దాని లెవెల్‌ను రేపైనా సరిదిద్దుకోవచ్చు. మైకులో పాడే అమ్మ గొంతు అలా కాదు. ఒకసారి తల తెగితే అసలు గొంతు తిరిగి రాదు. మీటరు ముందుగా చూడాల్సింది అక్కడే.

ఇంత తగ్గిస్తే పాట చప్పగా వినిపిస్తుందన్న భయం సహజమే. ఒకరి కంటే ఒకరు పెద్దగా వినిపించాలన్న పోటీ ప్రపంచ సంగీతాన్నే పీడించింది. 2008లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ మీద అభిమానులే మండిపడ్డారు. శబ్దం మరీ బిగించేశారన్నది వారి ఫిర్యాదు. శిఖరాన్ని కాక, చెవికి తోచే మొత్తం బిగ్గరతనాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లోనే ప్రకటించింది. ఇప్పుడు యూట్యూబ్ లాంటి వేదికలు బిగ్గరగా వచ్చిన పాటను తామే తగ్గించి వినిపిస్తున్నాయి. నలిపి పెంచిన పాటకు పెంపు దక్కదు, నలుగుడు మాత్రం మిగులుతుంది.

కాబట్టి షిఫ్టు దిగిన రాత్రి బాణీ కట్టుకోవచ్చు. మీటరు సాయంతో గొంతూ రికార్డు చేసుకోవచ్చు. ఏ వాద్యం ఎంత వినిపించాలన్న తుది తీర్పు మాత్రం సెలవు రోజు ఉదయానికి వాయిదా వేసుకోవడమే మేలు. మగ్గాల హోరు తగ్గించడం ఆ కుర్రాడి చేతిలో లేదు. ఆ హోరును పాటలోకి రానివ్వకపోవడం మాత్రం అతని చేతిలోనే ఉంది.