మదర్సా గడప దాటని డాక్టరు

మదర్సా అనగానే మన పాలకులకు రెండే సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి ఓట్లు, రెండు అనుమానం. అక్కడ చాపల మీద వరసగా పడుకునే పిల్లలకూ జ్వరమొస్తుందని, కడుపులో పురుగులుంటాయని, ఒంటికి గజ్జి పడుతుందని ఎవరికీ తోచదు. ఈ వారం మేం ఆ పిల్లల ఒంటి గురించే మాట్లాడదలచుకున్నాం.

ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే చదువుతారన్నది వట్టి ప్రచారం. బడి ఈడు పిల్లల్లో అక్కడికి పోయేది నూటికి నలుగురికి మించరని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. ఆ నలుగురిలో ఎక్కువమంది బీదల్లో బీదలు. బువ్వ, బట్ట, చదువు ఒక్కచోట దొరుకుతాయని తల్లిదండ్రులు సాగనంపినవాళ్లు. సర్కారుకు ముందు కనపడాల్సింది వాళ్లే కదా? కనపడరు.

2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్నే తీసుకోండి. డాక్టర్ల బృందం వ్యాన్‌లో బడికొచ్చి పిల్లల కళ్లు, చెవులు, పళ్లు, గుండె చూడాలి. ఏ బడికి? సర్కారు బడికి, ఎయిడెడ్ బడికి అని మార్గదర్శకాల్లో రాశారు. చందాలతో నడిచే మదర్సా ఈ రెంటిలోనూ లేదు. రక్తహీనతకు వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్ర సంగతీ అంతే. సర్కారు బడిలో ఉన్న ఆడపిల్లకు బడిలో ఇస్తారు. బడి మానేసిన ఆడపిల్లకు అంగన్‌వాడీలో ఇస్తారు. మదర్సా హాస్టల్‌లో ఉన్న ఆడపిల్ల బడి మానేసిందా, చదువుతోందా? సర్కారు కాగితాల్లో దీనికి జవాబు లేదు. మాత్ర మాత్రం అందదు.

ఇక గజ్జి. వినడానికి చిన్న జబ్బు. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని మదర్సా హాస్టళ్లలో 492 మంది పిల్లలను పరీక్షిస్తే నూటికి 98 మందికి గజ్జి ఉన్నట్టు 2007లో ఒక అధ్యయనం అచ్చయింది. దీనికి మతంతో పనిలేదు. ఇరుకు గది, ఒకరి దుప్పటి ఇంకొకరు కప్పుకోవడం ఉంటే చాలు. ఏ సంక్షేమ హాస్టల్‌లోనైనా ఇదే కథ. రాత్రంతా గోక్కున్న పిల్లవాడికి పొద్దున సబక్ ఎట్లా ఎక్కుతుంది? మౌల్వీ సాబ్ వాడిని మొద్దు అనుకుంటాడు. గోకిన పుండ్లు చీము పడితే మూత్రపిండాల దాకా ముప్పు పాకుతుంది. మందు అరుదైనదేమీ కాదు. పెర్మెత్రిన్ మలాం మెడ నుంచి అరికాలి దాకా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున కడిగేయాలి. వారానికి మరోసారి రాయాలి. కిటుకంతా ఒక్కదాంట్లో ఉంది. గదిలో ఉన్న అందరికీ ఒకే రాత్రి రాయాలి. బట్టలు, పరుపులు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కడికి రాసి పదిమందిని వదిలేస్తే పదిరోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే ఇది తల్లి చేతిలో ఉన్న వైద్యం కాదు, హాస్టల్ నడిపేవాళ్లు పూనుకొని చేయాల్సిన పని.

కమిటీ పెద్దలతోనూ మాకు రెండు మాటలున్నాయి. ఫిఖ్ గ్రంథాలు తహారత్ అధ్యాయంతోనే మొదలవుతాయి. శుభ్రత పాఠం చెప్పడానికి మీకంటే తగినవాళ్లు ఎవరున్నారు? వజూకు నల్లాలు వరసగా పెట్టిస్తారు, సంతోషం. మరుగుదొడ్డి పక్కన సబ్బు ఉందా? తాగేనీళ్ల ట్యాంకు ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారు? మినార్‌కు రంగు వేయించే చందాలో కొంత తీస్తే ఏడాదంతా సబ్బులొస్తాయి. ఆడపిల్లల మదర్సాలో నెలసరి గురించి చెప్పే ఒక ఆపా ఉండాలి. అది సిగ్గుపడే విషయం కాదు, ఫిఖ్‌లో చదివే విషయమే.

ఇండోనేషియాలో ఈ పని ఎప్పుడో మొదలైంది. పెసంత్రెన్ అనే వాళ్ల మదర్సాల్లో పోస్కెస్త్రెన్ పేరుతో ఆరోగ్య కేంద్రాలు నడుస్తున్నాయి. పెద్ద తరగతి పిల్లలకే శిక్షణ ఇచ్చి, ఆ కేంద్రాన్ని దగ్గరలోని సర్కారు దవాఖానకు జోడిస్తారు. దీనికి 2013లో అక్కడి ఆరోగ్యశాఖ నిబంధనలే రాసింది. యూనానీ వైద్యానికి పెట్టింది పేరైన హైదరాబాద్‌లో, చార్మినార్ పక్కనే నిజామియా దవాఖాన ఉన్న ఊళ్లో, ఇది కాని పనా?

తలుపు తెరవరు కదా అని అధికారులు అంటారు. ఎట్లా తెరుస్తారు? 2022లో ఉత్తరప్రదేశ్ సర్కారు గుర్తింపులేని మదర్సాలను సర్వే చేయించింది. లెక్క అడిగిన ప్రతివాడూ తాళం వేయడానికే వచ్చాడన్న భయం దేశమంతా ఉంది. ఆ భయం పుట్టించినవాళ్లే దాన్ని పోగొట్టాలి. అదే ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు ఇంటింటికీ పాకింది. ఉలేమాలను, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాన్ని కలుపుకొని, గౌరవంగా అడిగితే తలుపులు తెరుచుకున్నాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రకటించారు. మదర్సా పెద్దలు సర్కారుకు సాయపడ్డ చరిత్ర అది. బదులుగా సర్కారు ఏమిచ్చింది?

మా డిమాండ్ పెద్దదేమీ కాదు. రంజాన్ సెలవులయ్యాక షవ్వాల్‌లో కొత్త పిల్లలు చేరతారు. కొందరు జిల్లాల నుంచి, కొందరు బీహార్, బెంగాల్ నుంచి వస్తారు. టీకా కార్డు ఉన్నవాళ్లు ఉంటారు, లేనివాళ్లు ఉంటారు. ఆ నెలలోనే దగ్గరి బస్తీ దవాఖాన డాక్టరు వచ్చి ప్రతి బిడ్డనూ చూడాలి. తప్పిన టీకాలు వేయాలి. ఆల్బెండజోల్ రోజున మదర్సాల పేర్లు కూడా జాబితాలో ఉండాలి. గజ్జి మలాం గది లెక్కన ఇవ్వాలి, మనిషి లెక్కన కాదు. వచ్చేది డాక్టరు, నర్సు మాత్రమే. వాళ్ల వెంట పోలీసు గానీ, రిజిస్ట్రేషన్ కాగితాలడిగే గుమస్తా గానీ రాకూడదు.