పదిమందిని చేరే బొమ్మ

కళ ఎవరికోసం అన్న ప్రశ్న పాతదే. రాజాస్థానాల కాలంలోనూ అది ఉన్నది, నగరాలలో చిత్రశాలలు వెలసిన ఈ కాలంలోనూ ఉన్నది. చిత్రకారుడు రంగులతో వేసిన చిత్రం ఒక్కటే ఉంటుంది. కొనగలిగినవారి గోడను అది చేరుతుంది. తక్కినవారు దానిని చూడాలంటే ఆ ఇంటి తలుపు తెరుచుకోవాలి. అచ్చుబొమ్మ దారి వేరు. ఒకే దిమ్మ నుండి పాతికో, వందో ప్రతులు తీయవచ్చు. చూడదలచినవారు దాని దగ్గరికి పోనక్కరలేదు. అదే వారి దగ్గరికి వస్తుంది. ప్రతులు ఎక్కువ కాబట్టి విలువ తక్కువ అని కొందరు భావిస్తారు. ఆ భావన సరికాదు. పదిమందిని చేరడమే అచ్చుబొమ్మకు ఉన్న అసలైన విలువ.

చేతితో తీసే అచ్చుబొమ్మ యంత్రం తీసే నకలు వంటిది కాదు. చెక్కదిమ్మ మీద బొమ్మ గీసుకొని, తెల్లగా ఉండవలసిన భాగాన్ని కళాకారుడు ఉలితో తొలగిస్తాడు. మిగిలిన ఉబ్బెత్తు భాగానికి రోలరుతో సిరా పూసి, కాగితం పరచి, అదిమి తీస్తాడు. చెక్కకు బదులు లినోలియం అనే మెత్తని పలకను వాడితే అది లినోకట్. రాగి రేకు మీద గీతలను ఆమ్లంతో తినిపించి, ఆ గుంటలలో సిరా నింపి తీస్తే ఎచింగ్. నున్నని రాతి మీద జిడ్డు సుద్దతో గీసి తీసేది లితోగ్రాఫ్, అంటే శిలాముద్రణం. దిమ్మ నుండి నేరుగా కాగితం మీదికి తీసే బొమ్మ ఎడమ కుడిగా తిరగబడుతుంది. 'అమ్మ' అని చెక్కదలచినవాడు ఆ అక్షరాలను అద్దంలో కనిపించే రూపంలో చెక్కాలి. చెయ్యి జారి ఒక గీత తెగిందంటే తెగినట్లే. తీసిన ప్రతి బొమ్మ అడుగునా పెన్సిలుతో 7/25 వంటి అంకె వేస్తారు. పాతిక ప్రతులలో అది ఏడవది అని అర్థం. ఆ పాతికలో ఏదీ నకలు కాదు. అన్నీ అసలు బొమ్మలే.

ఈ పని తెలుగువారికి కొత్త కాదు. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో కలంకారీ పనివారు టేకు చెక్కపై పూలనూ తీగెలనూ చెక్కి, ఆ అచ్చులతో గుడ్డల మీద అద్దుతూ వచ్చారు. గుడ్డను అలంకరించిన ఆ ఉలే, కాగితం మీద అన్యాయాన్ని ప్రశ్నించే సాధనంగానూ లోకంలో పేరు పొందింది.

జర్మనీలో కేటె కోల్విట్స్ (1867-1945) అనే చిత్రకారిణి ఉండేది. 1844లో సైలీషియా ప్రాంతపు నేతపనివారు ఆకలికి తాళలేక తిరగబడ్డారు. ఆ కథను ఆమె ఆరు అచ్చుబొమ్మలుగా వేసి, 1898లో బెర్లిన్‌లో జరిగిన పెద్ద చిత్రప్రదర్శనలో ఉంచింది. న్యాయనిర్ణేతలు ఆమెకు పతకం ఇవ్వాలన్నారు. చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ అందుకు ఒప్పుకోలేదు. 1914లో ఆమె చిన్నకొడుకు పీటర్ యుద్ధభూమిలో మరణించాడు. ఆ తరువాత ఆమె యుద్ధం మీద ఏడు చెక్కబొమ్మలు చేసింది. వాటిలో ఫిరంగులు లేవు, విజయధ్వజాలు లేవు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు, బిడ్డలను చుట్టుముట్టి కాపాడుకొనే తల్లులు ఉన్నారు. 1933లో నాజీలు అధికారానికి రాగానే ఆమె అకాడమీ సభ్యత్వాన్ని వదులుకోవలసి వచ్చింది.

ఆమె బొమ్మలు కాగితం మీద అచ్చయినవి కాబట్టి దేశాలు దాటాయి. చైనా రచయిత లూ షున్ వాటిని సేకరించి, తన దేశంలో ప్రచురించాడు. 1931లో షాంఘై నగరంలో యువకులకు చెక్కబొమ్మల పని నేర్పే తరగతులు ఏర్పాటు చేశాడు. ఆ యువకులు మొదలుపెట్టిన చెక్కబొమ్మల ఉద్యమం బెంగాల్ చిత్రకారులనూ ప్రభావితం చేసింది. ఒకే ప్రతి ఉండే చిత్రానికి ఇంత ప్రయాణం సాధ్యమయ్యేది కాదు.

బెంగాల్‌లో 1943లో భయంకరమైన కరవు వచ్చింది. దాదాపు ముప్పై లక్షలమంది చనిపోయారని అంచనా. కులాన్ని తెలిపే ఇంటిపేరును వదులుకొని చిత్తప్రసాద్ (1915-1978) అన్న పేరుతోనే గుర్తింపు పొందిన యువచిత్రకారుడు ఆ సంవత్సరం నవంబరులో మిడ్నపూర్ జిల్లా గ్రామాలలో తిరిగాడు. ఆకలితో కృశించినవారిని ఎదుట కూర్చుని సిరాతో గీశాడు. చూసినదంతా రాశాడు. ఆ రాతలూ బొమ్మలూ 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకంగా వచ్చాయి. బ్రిటిషు ప్రభుత్వం దానిని నిషేధించి, ప్రతులను స్వాధీనం చేసుకొని ధ్వంసం చేసింది. అయినా ఒక ప్రతి ఆయన కుటుంబంవారి దగ్గర మిగిలింది. దాని ఆధారంగానే 2011లో పుస్తకం మళ్ళీ అచ్చయింది. ఉన్నది ఒక్క ప్రతే అయితే ఆ గ్రామాల గోడు ఆనాడే బూడిదయ్యేది. తరువాత చిత్తప్రసాద్ బొంబాయిలో స్థిరపడి, లినోలియం పలకలపై పనిచేశాడు. బడికి పోవలసిన వయస్సులో పనికి పోయే పిల్లలను బొమ్మలుగా చెక్కాడు.

ఇటువంటి బొమ్మలు ప్రచారమే కాని కళ కాదని ఒక ఆక్షేపణ ఉన్నది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. నినాదాన్ని మాత్రమే నమ్ముకొన్న బొమ్మ ఆ సభ ముగిసేసరికి పాతబడిపోతుంది. పిడికిలి బిగించినంత మాత్రాన బొమ్మకు ప్రాణం రాదు. కాని కోల్విట్స్ బొమ్మలోని తల్లిని చూసినవారికి జర్మనీ చరిత్ర తెలియనక్కరలేదు. బిడ్డను పొదువుకొన్న ఆ చేతులే చాలు. మొదట మనిషిని నిజాయితీగా చూపినప్పుడే అన్యాయం పట్ల కోపం చూసేవారిలో దానంతట అదే పుడుతుంది. పక్షం వహించడం కళకు దోషం కాదు. పక్షం వహించి సరిగా చూడకపోవడమే దోషం.

అలాగని అచ్చుబొమ్మలన్నీ పోరాటాలనే చెప్పాలన్న నియమం కూడా లేదు. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి (1925-2018) శాంతినికేతన్‌లో చదివి, పారిస్ చేరి, అక్కడి ఒక ప్రసిద్ధ పనిశాలలో పనిచేశాడు. చిక్కదనంలో తేడా ఉన్న రంగులను ఒకే రేకుపై పూసి, ఒక్క అదుముతో బహువర్ణచిత్రం తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ఆయన ముఖ్యుడు. నీటి అలలనూ సాలెగూళ్ళనూ చిత్రించిన ఆ చేతులే, 1968లో పారిస్ విద్యార్థులు వీధులలోకి వచ్చినప్పుడు ఆ నిరసనకారులనూ చిత్రించాయి. మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ తన పల్లెలోని మనుషులనూ, మేకలనూ, చెట్లనూ ఎచింగులలో నిలిపాడు. ఎవరి ఊరు వారి బొమ్మలో ఉండటం కూడా ఒక విధమైన మాటే.

అయితే ఇంత మంచి కళ పెద్ద నగరాలలోని నాలుగు గదులకే పరిమితం కావడం విచారకరం. చెన్నైలోని లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో అచ్చుబొమ్మల పనిశాల ఉన్నది. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు జరిపే చిత్రసంతెలో చిత్రకారులు రోడ్డు పక్కనే తమ చిత్రాలను అమ్ముకొంటారు. ఇవి మెచ్చదగినవి. కాని చిన్న ఊళ్ళకు ఆ అవకాశం ఎక్కడిది? చల్లని చిత్రశాలలో అడుగు పెట్టడానికి సంకోచించే కూలిమనిషి, గ్రంథాలయం వరండాలోనో బడి గోడ మీదనో బొమ్మలుంటే ఆగి చూస్తాడు. అచ్చుబొమ్మకు బంగారు చట్రం అక్కరలేదు. ఒక తాడు, కొన్ని క్లిప్పులు చాలు.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. అచ్చుయంత్రం లేకపోయినా, కాగితం వెనుక చెంచా అడుగుభాగంతో గట్టిగా రుద్ది బొమ్మ తీయవచ్చు. చిత్రలేఖనం తరగతిలో ఇటువంటి పనికి చోటివ్వాలి. సోలాపురంలో పద్మశాలీల మగ్గాలు ఉన్నాయి. గంజాం తీరంలో తెలుగు బెస్తల వలలు ఉన్నాయి. హోసూరులో గులాబీ తోటలు, బళ్ళారిలో దుస్తులు కుట్టే కార్ఖానాలు, యానాంలో గౌతమి ఒడ్డు ఉన్నాయి. ఈ ఊళ్ళలోని తెలుగువారి బ్రతుకులను ఎక్కడో నగరంలోని చిత్రకారుడు వచ్చి గీస్తాడని ఎదురుచూడటం కంటే, అక్కడి పిల్లలే చెక్కడం మేలు. తాగునీటి కోసం బారులు తీరిన బిందెలు, బడి మానిన స్నేహితుడు, మూతపడిన మిల్లు — ఇవన్నీ బొమ్మకు తగిన విషయాలే. కింద రెండు మాటలు తెలుగులోనూ, రెండు మాటలు ఆ రాష్ట్రభాషలోనూ చెక్కితే ఇరుగుపొరుగువారికి కూడా అర్థమవుతుంది.

అందాన్ని ఆస్వాదించడం కళ నేర్పే మొదటి పాఠం. తోటివాని కష్టాన్ని గుర్తించడం రెండవ పాఠం. అచ్చుబొమ్మ ఈ రెండింటినీ నేర్పుతూ, మూడవదాన్ని కూడా నేర్పుతుంది. చేసినదాన్ని ఒక్కరే దాచుకోక పదిమందికి పంచడమే ఆ మూడవ పాఠం. ఏ ఊరి బడి తన గోడను ఏడాదికి ఒక్కసారైనా ఈ బొమ్మలకు ఇస్తుందో, ఆ ఊరు తనను తాను చూసుకోవడం నేర్చుకొంటుంది.