కారు దీపాలు ఆరి వెలిగితే

హాలీవుడ్ కొండదారి. రాత్రివేళ టాపు తీసిన కారులో భార్యాభర్తలు విందుకు వెళుతున్నారు. దారిలో భార్య మొండికేసింది, కారు వెనక్కి తిప్పమని. విందు చేసే యింటి యిల్లాలు తనను చిన్నచూపు చూస్తుందట! తాళంచెవి కోసం జరిగిన పెనుగులాటలో కారు దీపాలు ఒక్కసారి ఆరి వెలిగాయి. అంతే, ఎదురుగా వచ్చిన కారులోంచి ఒక సంచి వచ్చి వీళ్ళ వెనక సీటులో పడింది. విప్పి చూస్తే అరవైవేల డాలర్లు!

ఎవడో ఒకణ్ణి బెదిరించి రాబట్టుకుంటున్న సొమ్మది. దీపాలార్పడం గుర్తని చెప్పుకున్నారు. సంచి విసిరినవాడు కారును పొరబడ్డాడు.

1949లో బైరన్ హాస్కిన్ తీసిన "టూ లేట్ ఫర్ టియర్స్" యిలా మొదలవుతుంది. రాయ్ హగ్గిన్స్ రాసిన కథ. మొదట 1947లో "సాటర్డే ఈవినింగ్ పోస్ట్" వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. సినిమాకు కూడా ఆయనే రాశాడు. "తరువాయి వచ్చేవారం" అన్న మాట చదివి నిట్టూర్చే మనకు ఆయన పనితనం వెంటనే అర్థమవుతుంది. ప్రతి మలుపులోనూ ఒక కొత్త అబద్ధం!

ఫ్రెంచి విమర్శకులు 1946లో "ఫిల్మ్ నువార్", అంటే నల్లచిత్రం, అని పేరుపెట్టిన కోవలోది యిది. ఆ కోవలో పేరుమోసిన చిత్రాల సరసన దీన్ని ఎవరూ తలవరు. నాకు మాత్రం వాటికన్న యిదే ఎక్కువ భయం కలిగించింది. ఎందుకంటారా? యిందులో అసలు నేరస్థురాలు గృహిణి. పూటకు లేని మనిషి కాదు. యిల్లుంది, కారుంది, మంచి భర్త వున్నాడు. లేనిదల్లా పక్కవాళ్ళకున్నంత.

భర్త పోలీసులకిచ్చేద్దామంటాడు. ఆవిడ కొన్నాళ్ళు ఆగమంటుంది. సంచి రైల్వే స్టేషను సామాన్ల గదిలో వుండగానే యింట్లోకి ఖరీదైన కోటు వచ్చేసింది! యింతలో సొమ్ము నాదంటూ ఒకడు దిగాడు, మొదట డిటెక్టివునని చెప్పుకుని. డాన్ డ్యూరియా వేశాడు యీ పాత్ర. చెంపలు వాయించి బెదిరించినవాడే, రానురాను ఆవిడను చూసి వణుకుతాడు, తాగుతాడు. లిజబెత్ స్కాట్ ఆ బొంగురు గొంతుతో మెల్లగా మాట్లాడుతూంటే మనకూ అదే గతి.

సరస్సు మీద పడవ షికారు ఘట్టం చూడాలి. వెళ్ళేటప్పుడు యిద్దరు, తిరిగివచ్చేటప్పుడూ యిద్దరే. కాని టోపీ పెట్టుకున్న ఆ రెండోమనిషి భర్త కాదు.

భర్త పాత స్నేహితుణ్ణంటూ ఒకాయన వచ్చాక కథ కొంచెం నత్తనడక నడిచింది. ఆయన చెప్పేదీ పూర్తిగా నిజం కాదు లెండి! ముగింపు చెప్పి మీ సరదా పాడుచేయను.

చాలాకాలం యీ చిత్రానికి మాసిపోయిన కాపీలే దిక్కు. 2014లో బాగుచేసిన ప్రతి వచ్చింది. చూస్తే అదే చూడండి.

చిత్రం అయ్యాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: "దీపాలు ఆరి వెలగకపోతే ఆవిడ విందుకు వెళ్ళి, ఆ యింటావిడ వెక్కిరింత దిగమింగి, వచ్చి పడుకునేదే గదండీ?"

రాత్రంతా ఆలోచించాను. జవాబు తోచలేదు.